స్విచ్ నొక్కే ముందు మీటరు చూడాలి: బీఎస్ 6 లారీ క్యాబిన్ తీరు

పాత లారీలో బ్రేకుల గాలి ఒత్తిడిని చూపే గాలి మీటరు ముల్లు కదలకపోయినా, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్ల) మీటరు చచ్చిపోయినా బండి ఆగేది కాదు. ఇంజన్ చప్పుడు విని, పెడల్ కింద బిగువు చూసి, సైలెన్సర్ పొగ రంగును బట్టి డ్రైవరు పని నెట్టుకొచ్చేవాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్ 6 (వాహనాల పొగకు మన దేశంలోని కాలుష్య ప్రమాణం) బండ్లలో అది సాగదు. ఇంజన్‌ను కంప్యూటర్ నడిపిస్తుంది, పొగ దాదాపు కనబడదు, చప్పుడు తగ్గిపోయింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ సరకు వాహనాల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. అద్దాలు మూసుకుని నడిపేటప్పుడు గాలి లీకయ్యే 'సుయ్' శబ్దం గానీ, బ్రేకు లైనర్లు మాడే వాసన గానీ లోపలికి రావడానికి ఆలస్యమవుతుంది. ఒకప్పుడు చెవి, ముక్కు చేసిన పని ఇప్పుడు కన్ను చేయాలి.

క్యాబిన్‌లోని లీవర్లు, స్విచ్‌లు చాలావరకు షరతు మీదే పనిచేస్తాయి. హ్యాండ్ బ్రేక్ వదలాలంటే ట్యాంకుల్లో తగినంత గాలి ఉండాలి. పొగ దారి మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ పట్టాలంటే ఆర్‌పీఎం పైన ఉండాలి. హై-లో గేరు మారాలన్నా గాలి కావాలి. ఆ షరతు తీరిందో లేదో చెప్పేది ఎదురుగా ఉన్న మీటరే. స్విచ్ ఎక్కడుందో వారంలో తెలిసిపోతుంది. ఏ స్విచ్‌కి ఏ మీటరు తోడో తెలుసుకుంటేనే బండి చేతికి వచ్చినట్టు.

తాళం తిప్పిన మొదటి మూడు సెకన్లు

తాళాన్ని ఇగ్నిషన్ దాకా తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆగాలి. డ్యాష్‌బోర్డు మీద ఎరుపు, పసుపు లాంపులు ఒక్కసారిగా వెలిగి, వాటిలో కొన్ని రెండు మూడు సెకన్లలో ఆరిపోతాయి. కంప్యూటర్ తనను తాను పరీక్షించుకునే సమయం ఇది. చాలామంది మధ్యలో ఆగకుండా తాళం తిప్పేసి నేరుగా స్టార్ట్ చేస్తారు, దాంతో ఈ పరీక్ష కళ్లబడదు. ఇక్కడ వెతకాల్సింది వెలిగిన లాంపుల కోసం కాదు, వెలగని వాటి కోసం. ఇంజన్ ఆగి ఉండగా ఆయిల్ ప్రెజర్ లాంపు వెలిగి తీరాలి. వెలగలేదంటే లాంపో, వైరో, సెన్సరో పోయినట్టు. అలాంటి బండిలో దారిలో ఆయిల్ మొత్తం కారిపోయినా డ్యాష్‌బోర్డు కిక్కురుమనదు.

ఏబీఎస్ లాంపు తీరు కొంచెం వేరు. కొన్ని బండ్లలో అది స్టార్ట్ చేయగానే ఆరదు, బండి కదిలి గంటకు 7 నుంచి 10 కిలోమీటర్ల వేగం దాటాక ఆరుతుంది. చక్రాల దగ్గరి సెన్సర్లు తిరిగితే గానీ కంప్యూటర్‌కు నమ్మకం కలగదు. అప్పటికీ ఆరకపోతే మామూలు బ్రేకులు ఉంటాయి, చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు మాత్రం ఉండదు. తడి రోడ్డు మీద ఖాళీ బండికి ఈ తేడా చాలా పెద్దది.

రంగుల విషయంలో నియమం సులువు. ఎరుపు వెలిగితే వీలైనంత త్వరగా పక్కకు తీసి ఆపాలి. పసుపు వెలిగితే బండి నడుస్తుంది గానీ, చూపించాల్సిన పని ఉందని గుర్తు. క్యాబిన్ లాక్ లాంపు కూడా ఎరుపే. ముందుకు వంచిన క్యాబిన్‌ను తిరిగి దించాక కొక్కెం పూర్తిగా పడకపోతే అది వెలుగుతూనే ఉంటుంది. ఆ స్థితిలో గట్టిగా బ్రేకు కొడితే క్యాబిన్ ముందుకు లేస్తుంది. సర్వీసు చేయించుకుని షెడ్డు నుంచి బయటికి వచ్చే ప్రతిసారీ ఈ ఒక్క లాంపు చూసుకోవడం మరిచిపోకూడదు.

గాలి మీటర్లు: రెండు ముళ్లు ఎందుకు

భారీ లారీలో గాలి మీటరుకు రెండు ముళ్లు ఉంటాయి, లేదా రెండు మీటర్లు ఉంటాయి. ఒకటి ముందు బ్రేకుల సర్క్యూట్‌ది, ఇంకొకటి వెనక బ్రేకులది. ఒక పైపు పగిలినా రెండోదానితో బండి ఆగాలని ఇలా విడగొట్టారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు రెండూ కలిసి పైకి వెళ్లాలి. సుమారు 8 బార్ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర, కొన్ని కొత్త మోడళ్లలో అంతకంటే పైన, గాలిలోని తేమ తీసే ఎయిర్ డ్రయర్ 'ఛుస్' మని ఊది కంప్రెసర్ భారం దించుతుంది. ఒక్క ముల్లు మాత్రమే కిందికి జారుతుంటే సగం బ్రేకు పోతున్నట్టే. ఇంకో ముల్లు బాగానే ఉందిగా అని ప్రయాణం సాగించకూడదు.

వెనక చక్రాల బ్రేక్ ఛాంబర్లలో బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి ఆ స్ప్రింగును వెనక్కి నొక్కి పట్టి ఉంచితేనే చక్రం తిరుగుతుంది. హ్యాండ్ బ్రేక్ లీవరు లాగితే ఆ గాలి బయటికి పోతుంది, స్ప్రింగు బ్రేకు పట్టేస్తుంది. అంటే హ్యాండ్ బ్రేక్ గాలితో పట్టేది కాదు, గాలితో వదిలేది. పొద్దున్నే ముల్లు 3 బార్ దగ్గర ఉండగానే లీవరు వదిలి బండి కదిలిస్తే స్ప్రింగు పూర్తిగా వెనక్కి వెళ్లదు. లైనర్లు డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి. రెండు మూడు కిలోమీటర్లకు వెనక చక్రాల దగ్గర పొగ కనబడితే చాలాసార్లు కారణం ఇదే. గాలి తక్కువని హెచ్చరించే బజరు ఆగి, రెండు ముళ్లూ 5.5 నుంచి 6 బార్ దాటాకే కదలడం మంచిది.

వారానికి ఒకసారైనా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పదినిమిషాల పని, గేజీ ఏదీ కొనక్కర్లేదు. బండిని చదునైన నేల మీద నిలిపి చక్రాలకు రెండు వైపులా అడ్డుకట్టెలు పెట్టాలి. డ్రయర్ ఊదే దాకా గాలి నింపి, ఇంజన్ ఆపి, తాళం ఇగ్నిషన్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదలాలి. పెడల్‌ను పూర్తిగా తొక్కి, ముల్లు మొదటి దెబ్బకు దిగి నిలబడ్డాక, ఒక నిమిషం అలాగే పట్టి ఉంచి ఎంత జారిందో చూడాలి. అమెరికాలో లారీ నడిపే తెలుగువారికి ఇది సీడీఎల్ (వాణిజ్య వాహనాల) లైసెన్సు పరీక్షలోనే ఉంటుంది. అక్కడ ఒంటి లారీకి నిమిషానికి 3 పీఎస్ఐ, ట్రెయిలర్‌తో కలిపితే 4 పీఎస్ఐ మించి పడిపోకూడదు. మన మీటరు లెక్కలో అది 0.2, 0.28 బార్. ముల్లు కదలిక కంటికి స్పష్టంగా తెలుస్తోందంటేనే అంతకంటే ఎక్కువ పోతున్నట్టు. తర్వాత పెడల్‌ను పదేపదే తొక్కి వదులుతూ గాలి తగ్గించాలి. సుమారు 5 బార్ అటూఇటూగా బజరు, ఎరుపు లాంపు రెండూ రావాలి. బజరు గోల భరించలేక దాని వైరు పీకేసిన బండ్లు ఉంటాయి. గాలి తగ్గుతోందని కేకేసి చెప్పే నోరు అదొక్కటే, దాన్ని నొక్కేయకూడదు.

డ్రయర్ ఊదే శబ్దం కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్రేకు ముట్టకుండా సాఫీగా వెళుతున్నప్పుడు అది చాలాసేపటికి ఒకసారి వినిపించాలి. పది పదిహేను సెకన్లకు ఒకసారి ఊదుతోందంటే ఎక్కడో లీకు ఉంది, కంప్రెసర్ తెరిపి లేకుండా పనిచేస్తోంది. ఎయిర్ ట్యాంకు కింది వాల్వు లాగినప్పుడు నీళ్లు వస్తే డ్రయర్ కార్ట్రిడ్జ్ మార్చే వేళ అయింది. నీళ్లతోపాటు నల్లటి ఆయిల్ వస్తే కంప్రెసర్ రింగులు అరిగిపోయాయి. అప్పుడు కార్ట్రిడ్జ్ ఒక్కటి మారిస్తే కొత్తది కూడా కొద్దిరోజుల్లో పాడైపోతుంది.

దారి మధ్యలో గాలి పూర్తిగా పోయి బండి బిగుసుకుపోతే, ఛాంబరు వెనకనున్న బోల్టుతో స్ప్రింగును వెనక్కి లాగి చక్రం వదిలించవచ్చు. ముందు అడ్డుకట్టెలు పెట్టాలి, ఎందుకంటే ఆ బోల్టు బిగించాక బండికి పార్కింగ్ బ్రేకే ఉండదు. ఛాంబరు చుట్టూ ఉన్న పట్టీని మాత్రం ఎవరూ విప్పకూడదు. లోపలి స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కి ఉంటుంది. అది విడిపోతే ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం పోతుంది.

ఘాట్‌లో ఆర్‌పీఎం మీటరే దిక్కు

ఆర్‌పీఎం మీటరు మీద పచ్చ పట్టీ ఉంటుంది. ఇంజన్‌ను బట్టి అది 1,000-1,200 దగ్గర మొదలై 1,600-1,800 దగ్గర ముగుస్తుంది. ఇంజన్‌కు లాగే బలం ఎక్కువగా, డీజిల్ ఖర్చు తక్కువగా ఉండే చోటు అది. పై గేరులో 900కి దిగినా గేరు మార్చకుండా యాక్సిలరేటర్ నేలకు తొక్కితే డీజిల్ కలిసి వస్తుందనే నమ్మకం ఉంది. నిజానికి లోడు మీద ఇంజన్ అలా గునుస్తుంటే డీజిల్ సరిగా మండదు, మసి పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు మీద కుదుపు పడుతుంది. ఆ మసి అంతా కింద చెప్పబోయే ఫిల్టరులో చేరుతుంది.

ఎక్కేటప్పుడు పచ్చ పట్టీ సరే. దిగేటప్పుడు మాత్రం ముల్లును దానికి పైనే ఉంచాలి, ఈ మార్పు చాలామందికి చెప్పేవాళ్లు లేరు. ఎగ్జాస్ట్ బ్రేక్ అంటే సైలెన్సర్ దారిలో ఉండే ఒక మూత. అది మూసుకుంటే లోపలి పొగ బయటికి పోలేక పిస్టన్లకు అడ్డుపడుతుంది, బండి వేగం తగ్గుతుంది. నిమిషానికి పిస్టన్లు ఎన్నిసార్లు ఆ ఒత్తిడితో పోరాడితే అంత బలం. అందుకే 1,200 దగ్గర ఎగ్జాస్ట్ బ్రేక్ నొక్కితే పట్టీపట్టనట్టు ఉంటుంది, 1,800 నుంచి 2,200 మధ్య గట్టిగా పట్టుకుంటుంది. కొన్ని బండ్ల మీటర్లలో దీనికోసమే పచ్చ తర్వాత వేరే రంగు పట్టీ గీసి ఉంటుంది. ఎర్ర పట్టీలోకి మాత్రం పోనివ్వకూడదు. యాక్సిలరేటర్‌తో ఇంజన్ ఎర్రపట్టీలోకి వెళ్లబోతే కంప్యూటర్ డీజిల్ ఆపి కాపాడుతుంది. వాలులో లోడు బరువే చక్రాలను, చక్రాలు ఇంజన్‌ను తిప్పుతుంటే కంప్యూటర్ చేతిలో ఏమీ లేదు. వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ ముక్కలవుతుంది.

బ్రేకులకే ఎందుకు వదిలేయకూడదో లెక్క వేసి చూడవచ్చు. పది చక్రాల లారీ 28.5 టన్నుల మొత్తం బరువుతో 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 28 మెగాజౌళ్లు, అంటే ముప్పావు లీటరు డీజిల్ మండిస్తే వచ్చే వేడి. ఎగ్జాస్ట్ బ్రేక్, గేరు లేకపోతే ఆ వేడిలో చాలాభాగం బ్రేకు డ్రమ్ముల్లోకే పోవాలి. విశాఖ నుంచి అరకు దారిలో అనంతగిరి ఘాట్, మారేడుమిల్లి-చింతూరు ఘాట్, చిత్తూరు-బెంగళూరు దారిలో మొగిలి ఘాట్ లాంటి చోట్ల దిగుడు ఒక్క వంద మీటర్లతో పోదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది, లైనరు పట్టు కోల్పోతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి జారుతూనే ఉంటుంది. గాలి మీటరులో 8 బార్ ఉన్నా అప్పుడు ఉపయోగం లేదు. గాలి ఉంది గానీ పట్టుకునే లైనరు లేదు.

కాబట్టి గేరు వాలు మొదలయ్యాక కాదు, మొదలవక ముందే ఎంచుకోవాలి. లోడుతో ఆ ఘాట్ ఏ గేరులో ఎక్కుతుందో అదే గేరు, కొత్త బలమైన ఇంజన్ అయితే దానికంటే ఒకటి కింది గేరు. ఎగ్జాస్ట్ బ్రేక్ వేసి, ముల్లును ఎర్రపట్టీకి కింద నిలిపి దిగాలి. వేగం అనుకున్న హద్దుకు చేరినప్పుడు మాత్రం పెడల్‌ను గట్టిగా తొక్కి, వేగాన్ని 8 కిలోమీటర్ల మేర తగ్గించి, పూర్తిగా వదిలేయాలి. 40 హద్దు అనుకుంటే 32కు తేవాలి, మళ్లీ 40కి చేరేదాకా పెడల్ జోలికి పోకూడదు. ఆ మధ్యలో డ్రమ్ము చల్లబడుతుంది. సన్నగా తొక్కి పట్టుకుని దిగితే ఆ విరామం ఉండదు. వాలు మధ్యలో గేరు దించబోయి న్యూట్రల్‌లో ఇరుక్కుంటే తిరిగి ఏ గేరూ పడకపోవచ్చు.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి దించే అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీసేస్తే కంప్యూటర్ డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండేందుకు డీజిల్ కాల్చాల్సి వస్తుంది. అంటే దిగుడులో న్యూట్రలే ఎక్కువ తాగుతుంది. పైగా ఎగ్జాస్ట్ బ్రేక్ పోతుంది, కంప్రెసర్ నెమ్మదిగా తిరిగి గాలి ఆలస్యంగా నిండుతుంది. ఇంజనే ఆపేస్తే పవర్ స్టీరింగ్ కూడా పోతుంది. పొదుపు లేదు, రక్షణా లేదు. ఈ అలవాటు వెనక ఏ కారణమూ మిగలలేదు.

స్పీడ్ గవర్నర్ గురించి కూడా ఒక అపోహ ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 118వ నియమం కింద సరకు లారీలకు గంటకు 80, డంపర్లు, ట్యాంకర్లకు 60 కిలోమీటర్ల హద్దు. గవర్నర్ చేసేది డీజిల్ ఆపడమే, బ్రేకు వేయడం కాదు. వాలులో లోడు బండి 80 దాటి పోతుంటే గవర్నర్ ఆపలేదు.

ఖాళీ బండితో తడి రోడ్డు మీద మాత్రం ఎగ్జాస్ట్ బ్రేక్ తీసేయడం మేలు. దాని పట్టంతా వెనక చక్రాల మీదే పడుతుంది, బరువు లేని వెనక భాగం పక్కకు జారుతుంది. క్రూజ్ కంట్రోల్ కూడా వానలో, ఘాట్‌లో వాడకూడదు.

గేరు బుడిపె, డిఫ్ లాక్, లిఫ్ట్ యాక్సిల్

తొమ్మిది గేర్ల బండ్లలో గేరు రాడ్డు తల మీద హై-లో స్విచ్ ఉన్న రకాలున్నాయి. స్విచ్ తిప్పగానే ఏమీ జరగదు, రాడ్డు న్యూట్రల్ గుండా దాటేటప్పుడు గేరుబాక్సు వెనక భాగాన్ని గాలి మారుస్తుంది. కాబట్టి స్విచ్ ముందే తిప్పి, న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, గేరు వేయాలి. గాలి తక్కువున్నప్పుడు ఆ భాగం అటూఇటూ కాకుండా మధ్యలో నిలిచిపోతుంది, ఏ గేరు వేసినా బండి లాగదు. వేగం మీద ఉండగా హై నుంచి లోకి తెస్తే లోపలి సింక్రో రింగులు కాలిపోతాయి.

డిఫ్ లాక్ ఇసుక రేవుల్లో, చెరకు పొలాల్లో, వానకు నానిన క్వారీల్లో పనికొచ్చే స్విచ్. మామూలుగా ఒక చక్రం బురదలో గిరగిరా తిరుగుతుంటే రెండోది కదలకుండా ఉండిపోతుంది. లాక్ వేస్తే రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. చక్రం గిర్రున తిరుగుతుండగా వేస్తే పళ్లు విరుగుతాయి. కాలు తీసి, బండి నిలబడ్డాక వేసి, డ్యాష్‌బోర్డు మీద దాని లాంపు వెలిగాకే మెల్లగా లాగాలి. స్టీరింగ్ వీలైనంత తిన్నగా ఉంచాలి. గట్టి నేల మీదికి రాగానే తీసేయాలి. స్విచ్ తీసినా లాంపు ఆరలేదంటే పళ్ల మీద ఒత్తిడి వదల్లేదని అర్థం. కొంచెం తిన్నగా ముందుకు, వెనక్కి కదిపితే ఊడుతుంది. ఆ లాంపు వెలుగుతుండగానే తారు రోడ్డు మీద మలుపు తిరిగితే యాక్సిల్ షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది.

లిఫ్ట్ యాక్సిల్ అంటే అవసరం లేనప్పుడు పైకి ఎత్తే చక్రాల వరస, దాని సంగతి చిన్నదే. ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తితే టైర్లు మిగులుతాయి. లోడు ఎక్కించే ముందు దించాలి. టైర్లు అరుగుతాయని లోడు మీద ఎత్తి నడిపితే ఆ బరువంతా మిగతా యాక్సిళ్ల మీద, వాటి బ్రేకుల మీద పడుతుంది.

వేడి మీటరు అబద్ధం చెప్పే సందర్భం

ఇంజన్ నీటి ఉష్ణోగ్రత సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటుంది. ఎండాకాలంలో లోడు మీద ఎక్కుడులో ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, ఒక గేరు దించి, ఆర్‌పీఎం కొంచెం పెంచాలి. వాటర్ పంపు, ఫ్యాను వేగం పెరుగుతాయి, ఇంజన్ మీద భారం తగ్గుతుంది. ఎర్రలోకి చేరబోతుంటే పక్కకు తీసి, వెంటనే ఆపకుండా 1,000 ఆర్‌పీఎం దగ్గర కొన్ని నిమిషాలు తిప్పితే వేడి దిగుతుంది. ఇది నీళ్లు ఉన్నప్పటి మాట.

నీళ్లు పూర్తిగా కారిపోయినప్పుడు మీటరు మోసం చేస్తుంది. దాని సెన్సరు కొలిచేది నీటి వేడిని. నీళ్లు లేక సెన్సరు గాలిలో వేలాడితే, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికి పడవచ్చు. పైకి వెళ్లిన ముల్లు హఠాత్తుగా దిగిందంటే సంతోషించకూడదు, హీటరు వేసి చూడాలి. వేడి గాలి రాకుండా చల్లగాలి వస్తే నీళ్లు లేనట్టే, అక్కడికక్కడే ఇంజన్ ఆపాలి. రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టకూడదు.

యూరియా, మసి ఫిల్టరు

బీఎస్ 6 లారీకి డీజిల్ ట్యాంకు పక్కన నీలి మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది డీఈఎఫ్, డ్రైవర్ల మాటలో యూరియా. స్వచ్ఛమైన యూరియా 32.5 శాతం, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అది మామూలు నైట్రోజన్, నీటి ఆవిరిగా మారుస్తుంది. మీటరు తగ్గేకొద్దీ కంప్యూటర్ మెట్లు మెట్లుగా కఠినమవుతుంది: ముందు లాంపు, తర్వాత ఇంజన్ బలంలో నాలుగో వంతు దాకా కోత, చివరికి గంటకు 20 కిలోమీటర్ల వేగానికి కట్టడి. రద్దీ హైవే మీద లోడు లారీ 20తో పాకితే వెనకనున్నవాళ్లకూ ప్రమాదమే. పావు ట్యాంకు మిగిలి ఉండగానే నింపుకోవాలి.

పొలానికి వేసే యూరియాను బకెట్లో నీళ్లతో కలిపి పోయడం వల్ల పాడైన బండ్ల కథ షెడ్లలో వినిపిస్తూనే ఉంటుంది. 2015 నుంచి మన దేశంలో వ్యవసాయ యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, బైయూరెట్ అనే మలినం, బోరు నీటిలోని సున్నం కలిసి పిచికారీ చేసే నాజిల్‌లో గడ్డకట్టి, పొగను శుద్ధి చేసే క్యాటలిస్టు మీద పేరుకుంటాయి. పైప్‌లోని సెన్సర్ శుద్ధి సరిగా జరగడం లేదని పట్టేస్తుంది, అదే వేగం కోత మొదలవుతుంది. ఒక క్యాన్ డీఈఎఫ్‌లో మిగిల్చిన డబ్బు పాడైన క్యాటలిస్టు ఖరీదు ముందు ఏ మూలకూ రాదు.

మసి పట్టే ఫిల్టరు పేరు డీపీఎఫ్. హైవే మీద లోడుతో గంటలకొద్దీ నడిచే బండిలో పొగ వేడికే మసి కాలిపోతుంది. ఊరి చుట్టుపక్కలే తిరిగే టిప్పర్లు, సిమెంటు మిక్సర్లు ఆ వేడి అందుకోలేవు. ఫిల్టరు లాంపు వెలిగితే ముందు హైవే మీద ఒక అరగంట ఆపకుండా నడపడానికి ప్రయత్నించాలి. అప్పటికీ ఆరకపోతే, లేదా లాంపు మినుకుమినుకుమంటే నిలబెట్టి రీజెనరేషన్ (మసిని కాల్చేయడం) చేయించాలి. ఇంజన్ వేడెక్కాక, న్యూట్రల్ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, కాళ్లు పెడళ్ల మీద నుంచి తీసి, రీజెన్ స్విచ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. ఆర్‌పీఎం దానంతట అదే పెరుగుతుంది, ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. మధ్యలో క్లచ్ తొక్కినా, హ్యాండ్ బ్రేక్ వదిలినా ఆగిపోతుంది, మొదటి నుంచి చేయాలి.

ఆ సమయంలో ఫిల్టరు లోపల వేడి 550 నుంచి 600 డిగ్రీలు. ఎండుగడ్డి మీద, వరిగడ్డి లోడు పక్కన, పత్తి మిల్లు ఆవరణలో, పెట్రోలు బంకులో ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ స్విచ్ నొక్కకూడదు. అలాంటి చోట్ల దానంతట అదే మొదలవకుండా ఆపే స్విచ్ కూడా కొన్ని బండ్లలో ఉంటుంది. మిల్లులోకి వెళ్లేటప్పుడు దాన్ని నొక్కి, బయటికొచ్చాక మరిచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. వారాల తరబడి మసి పేరుకుని చివరికి ఫిల్టరు ఊడదీసి శుభ్రం చేయించాల్సి వస్తుంది.

కోడ్ నంబర్లు రాసుకోవాలి

చెక్ ఇంజన్ లాంపు వెలిగినప్పుడు డిస్‌ప్లేలో ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అనే రెండు సంఖ్యలు చాలా బండ్లలో కనబడతాయి. మొదటిది ఏ భాగమో చెబుతుంది, రెండోది ఏమైందో చెబుతుంది. ఎస్‌పీఎన్ 100 అంటే ఆయిల్ ప్రెజర్, 110 నీటి ఉష్ణోగ్రత, 97 డీజిల్లో నీళ్లు, 1761 యూరియా మట్టం, 3251 మసి ఫిల్టరు ఒత్తిడి. ఎఫ్‌ఎంఐ 0 అయితే ప్రమాదకరంగా ఎక్కువ, 1 అయితే ప్రమాదకరంగా తక్కువ. 3, 4 వస్తే వోల్టేజీ తేడా, అంటే ముందు వైరు, కనెక్టరు చూడాలి. 100తో 1 వస్తే వెంటనే ఇంజన్ ఆపాలి. 100తో 3 వస్తే డిప్‌స్టిక్ లాగి ఆయిల్ మట్టం చూసుకుని, సెన్సరు వైరు పరీక్షించాలి. లాంపు ఒక్కటే అయినా కథ రెండు. ఫోన్‌లో మెకానిక్‌కు "లైటు వెలిగింది" అని చెప్పడం కంటే ఈ రెండు అంకెలు చెబితే సరైన సామాను పట్టుకుని వస్తాడు. 97 వస్తే మెకానిక్ కూడా అక్కర్లేదు: ఇంజన్ ఆపి, వాటర్ సెపరేటర్ కింది మర విప్పి, నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించాలి.

ఆపే పద్ధతి

లోడు మీద దూరం నడిచి వచ్చాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఇంజన్ ఆపాలి. టర్బో వేడి మీద వేగంగా తిరుగుతూ ఉంటుంది. ఇంజన్ ఒక్కసారిగా ఆపితే దానికి ఆయిల్ అందదు, బేరింగుల్లో ఉన్న ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

తాళం తీశాక వెనక ఎక్కడో సన్నగా గుర్రుమనే శబ్దం వస్తుంది. యూరియా పైపుల్లో మిగిలిన ద్రవాన్ని పంపు తిరిగి ట్యాంకులోకి లాగుతున్న శబ్దం అది. దొంగల భయంతోనో, పాత అలవాటుతోనో వెంటనే బ్యాటరీ ఐసొలేటర్ స్విచ్ తిప్పేస్తే పంపు మధ్యలో ఆగుతుంది. పైపుల్లో, నాజిల్‌లో మిగిలిన యూరియా ఎండి తెల్లటి స్ఫటికాలవుతుంది, నాలుగు రోజుల తర్వాత 'యూరియా ప్రెజర్ లేదు' అనే కోడ్ వస్తుంది. కొన్ని బండ్లలో ఇందుకోసమే ఐసొలేటర్ దగ్గర లాంపు పెట్టారు, అది ఆరాకే తిప్పాలి. లాంపు లేని బండిలో తాళం తీసి కనీసం రెండు నిమిషాలు ఆగాలి. ఆ రెండు నిమిషాల్లో బండి చుట్టూ తిరిగి చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి ఆనించకుండా దూరం నుంచే వేడి చూసుకోవచ్చు. ఒక చక్రం మిగతావాటికంటే ఎక్కువ వేడి కొడుతుంటే అక్కడ బ్రేకు రాసుకుంటోంది. మర్నాడు బయల్దేరే ముందే ఆ చక్రం స్లాక్ అడ్జస్టర్ (లైనరు, డ్రమ్ము మధ్య సందు సరిచేసే భాగం) చూపించాలి.